సవరణ: లైసెన్స్ గడువు దాటాక 30 రోజులు బండి నడపొచ్చని రాశాను, అది తప్పు

మొన్న డ్రైవింగ్ లైసెన్స్ రెన్యువల్ గురించి రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి, క్షమించండి. ఎక్స్‌పైర్ అయ్యాక 30 రోజుల వరకు చెల్లుతుందని రాశాను కదా, అది పాత రూల్ అండి, 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో తీసేశారు. అంటే కార్డు మీద ఉన్న తేదీ దాటిన మర్నాటి నుంచే అది చెల్లదు, రెన్యువల్ అయ్యేదాకా బండి తీయకండి ప్లీజ్, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా ఇబ్బందే. రెన్యువల్‌కి ఇచ్చే ఏడాది గడువు అనేది అప్లై చేసుకోవడానికే, నడపడానికి కాదు, నేను ఈ రెండూ కలిపేశాను. గడువుకి ఏడాది ముందు నుంచి, దాటాక ఏడాది లోపు అప్లై చేస్తే టెస్ట్ ఉండదు, ఆ తర్వాతైతే మళ్ళీ డ్రైవింగ్ టెస్ట్ పాసవ్వాల్సిందే.

రెండోది, కాకినాడలో లైసెన్స్ తీసుకుని ఇప్పుడు బెంగళూరులో ఉన్నవాళ్ళు కాకినాడ వచ్చి చేయించుకోవాల్సిందే అన్నాను, అదీ కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 15 ప్రకారం ఏ లైసెన్సింగ్ అథారిటీ (లైసెన్సులిచ్చే ఆర్టీఓ ఆఫీసు) అయినా రెన్యువల్ చేయొచ్చు. 40 దాటినవాళ్ళు మాత్రం డాక్టర్ సంతకం చేసిన ఫామ్ 1ఏ (మెడికల్ సర్టిఫికెట్) రెడీగా పెట్టుకోండి. నా మాట నమ్మి ఎవరైనా టికెట్ బుక్ చేసి ఉంటే ముందు మీరుంటున్న ఊళ్ళో ఆర్టీఓ ఆఫీసులో అడిగి చూడండి.