హక్కు ఇచ్చిందెవరు?

1511 డిసెంబరు, క్రిస్మస్‌కు ముందు ఒక ఆదివారం. కరీబియన్ సముద్రంలో స్పెయిన్ ఆక్రమించుకున్న హిస్పానియోలా దీవి. శాంటో డొమింగో చర్చిలో డొమినికన్ అనే క్రైస్తవ సన్యాసుల సంఘానికి చెందిన ఆంటోనియో మాంటెసినోస్ ప్రసంగానికి లేచాడు. ఎదురుగా కూర్చున్న వాళ్లలో దీవి పెద్దలంతా ఉన్నారు. గవర్నర్ డియేగో కొలంబస్, అంటే ఆ కొలంబస్ గారి కొడుకే, ఆయనా ఉన్నాడు. బంగారు గనుల్లో, పొలాల్లో అక్కడి ఆదివాసుల చేత చచ్చేదాకా పని చేయిస్తున్నది ఈ పెద్దలే. ఏ హక్కుతో వీళ్లను ఇలా బానిసలుగా పెట్టుకున్నారని మాంటెసినోస్ వాళ్ల మొహం మీదే అడిగాడు. వీళ్లు మనుషులు కారా, వీళ్లకు ఆత్మ లేదా అని నిలదీశాడు.

ఆవేశంలో నోరు జారిన మాటలు కావవి. మఠంలోని సన్యాసులంతా ముందే కూర్చుని రాసుకుని, సంతకాలు పెట్టిన ప్రసంగం అది. దొరలు మండిపడ్డారు. మాట వెనక్కి తీసుకోమన్నారు. తరువాతి ఆదివారం ఆయన మళ్లీ లేచి ఇంకాస్త గట్టిగా చెప్పాడు.

చట్టం మాత్రం ఆ దొరల వైపే ఉంది. ఆదివాసులను పంచుకుని పని చేయించుకునే పద్ధతికి రాజు అనుమతి ఉంది. విషయం తెలిసి రాజు ఫెర్డినాండ్ కోప్పడింది కూడా సన్యాసుల మీదే. అంటే మాంటెసినోస్ చేతిలో చట్టం లేదు, రాజ్యాంగం లేదు, అంతర్జాతీయ ఒప్పందం అంతకన్నా లేదు. ఆయన దగ్గరున్నది రాజుకంటే పైనున్న ఒక అధికారం మీద నమ్మకం. నా దృష్టిలో మానవ హక్కులకు మూలం ఏమిటన్న ప్రశ్నకు క్రైస్తవం చెప్పే జవాబు అక్కడే ఉంది.

దేవుడు మనిషిని తన స్వరూపంలో సృష్టించాడని, స్త్రీనీ పురుషుణ్ణీ అలాగే సృష్టించాడని బైబిలు మొదటి అధ్యాయంలోనే ఉంది. పాతకాలపు ఈజిప్టులో, మెసపొటేమియాలో దేవుడి ప్రతిరూపమనే గౌరవం రాజుకు దక్కేది. ఆదికాండం దాన్ని మట్టి పిసికేవాడికీ ఇచ్చేసింది. నాలుగో శతాబ్దంలో నిస్సాకు చెందిన గ్రెగొరీ అనే బిషప్ ఇదే ఆధారంగా బానిసల కొనుగోలును ఖండించాడు. దేవుని స్వరూపానికి ఎన్ని నాణేలు వెలకట్టావని కొన్నవాణ్ణి అడిగాడు. తెలివి, సంపాదన, వీసా, కులం ఇవేవీ ఆ విలువను పెంచవు, తగ్గించవు. నేరం చేసినవాడిలోనూ అది చెరిగిపోదు.

ఇదంతా వేదాంతం, మాకెందుకు అనుకునేవారికి మన దేశంలోనే జరిగిన ఒక కేసు గుర్తు చేస్తాను. ఎమర్జెన్సీ రోజుల్లో, 1976లో, విచారణ లేకుండా జైల్లో పెట్టినవాళ్లు కోర్టుకెళ్లొచ్చా అన్న ఏడీఎం జబల్‌పూర్ కేసు సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. జీవించే హక్కును ప్రభుత్వం సస్పెండ్ చేశాక, పోలీసు అక్రమంగా కాల్చి చంపినా కోర్టులు చేయగలిగింది ఏమైనా ఉందా అన్నంత దూరం వెళ్లింది వాదన. ఏమీ లేదన్నారు అటార్నీ జనరల్. ఐదుగురు జడ్జీల్లో నలుగురు ప్రభుత్వం వైపే నిలబడ్డారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. రాజ్యాంగం రాకముందు కూడా మనిషి ప్రాణానికి రక్షణ ఉందన్నది ఆయన వాదన సారాంశం. 2017లో గోప్యత హక్కు తీర్పులో సుప్రీంకోర్టు ఆ పాత తీర్పును కొట్టేసింది. ప్రాణం, స్వేచ్ఛ ప్రభుత్వం దయతో ఇచ్చినవి కావని చెప్పింది. అందులో బైబిలు ప్రస్తావన అక్కర్లేకపోయింది. సర్కారు ఇచ్చినదైతే సర్కారు తీసేసుకోగలదు. ఇవ్వనిదాన్ని తీసుకునే అధికారం దానికి లేదు.

మరి ఆ 'ఇచ్చింది' ఎవరు? 1948లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన రాస్తున్నప్పుడు ఈ చర్చ వచ్చింది. మనుషులు దేవుని స్వరూపంలో సృష్టించబడ్డారని మొదటి అధికరణంలో చేర్చాలని బ్రెజిల్ ప్రతినిధులు కోరారు. చైనా ప్రతినిధి పి.సి. చాంగ్ ఒప్పుకోలేదు, చివరికి ఆ ప్రతిపాదన వెనక్కి వెళ్లింది. ఆ రచనలో పాలుపంచుకున్న లెబనాన్ ప్రతినిధి చార్లెస్ మాలిక్ గట్టి క్రైస్తవుడే. అయినా ప్రకటన దేవుని పేరు లేకుండానే బయటికొచ్చింది. అదే మంచిదయిందని నేననుకుంటాను. అందరి కోసం రాసిన కాగితం మీద ఒక మతం విశ్వాస ప్రమాణం ఉంటే, నమ్మనివాడికి ఆ హక్కు అరువు తెచ్చుకున్నదిలా కనిపిస్తుంది. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం తాను బుద్ధుడి నుంచి తీసుకున్నానని అంబేడ్కర్ అన్నారు. ఆయన దారి ఆయనది, నా దారి ఇది.

నా దారిలో నడిచినవాళ్లంతా మంచి పని చేశారని మాత్రం చెప్పలేను. ఇతర మతాలవాళ్లను శాశ్వత బానిసత్వంలోకి నెట్టడానికి పోర్చుగల్ రాజుకు 1452లో అనుమతి రాసిచ్చింది సాక్షాత్తూ పోపు. వెస్టిండీస్ బానిసల కోసం 1807లో లండన్‌లో అచ్చువేసిన బైబిలులో ఐగుప్తు నుంచి ఇశ్రాయేలీయులు విడుదలైన కథను తీసేశారు. ఆ కథ చదివితే ఏమవుతుందో అచ్చువేసినవాళ్లకు బాగా తెలుసన్నమాట.

మన వైపు చరిత్ర కూడా ఇలాగే రెండు ముఖాలతో ఉంది. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర దగ్గరికి మొదట చేరినవాళ్లలో తోళ్ల వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్య ఒకరు. మాదిగలను చేర్చుకుంటే తాము దూరమవుతామని పై కులాలవాళ్లు తేల్చి చెప్పారు. క్లౌ దంపతులు మాదిగలనే ఎంచుకున్నారు. తరువాత 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ పనిలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతం మారారనే మాట రాకుండా ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది తెలుగు బోధకులే. ఊళ్లో నీడ పడనివ్వని మనిషికి, నువ్వు దేవుని స్వరూపం అని ఎవరైనా చెప్పడం ఎంత పెద్ద మాటో మనకు అర్థం కావాలి.

తరువాత ఏమైంది? మాలపల్లెలో ఒక చర్చి, మాదిగపల్లెలో ఒక చర్చి. కొన్ని ఊళ్లలో సమాధుల తోటలు కూడా వేరు. ఇంకోవైపు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులను ఎస్సీల జాబితాలోకి రానివ్వలేదు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు, వీళ్లను ఇంకా చేర్చలేదు. పాస్టర్‌గా పనిచేస్తున్న ఒకాయన తనను కులం పేరుతో దూషించారని కేసు పెడితే, క్రైస్తవుడికి ఎస్సీ హోదా ఉండదు కాబట్టి ఎస్సీ, ఎస్టీ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. కొట్టినవాడికి కులం గుర్తుంది, కాపాడాల్సిన చట్టానికి గుర్తులేదు. క్రైస్తవంలో కులం లేదన్న సంగతిని మా సంఘాలకంటే ఆ ఉత్తర్వే ఎక్కువ నమ్మినట్టుంది.

మా తెలుగు క్రైస్తవులం అమెరికా వచ్చాక ఇదంతా వెనకబడిపోయిందా అంటే, లేదు. 2023లో సియాటిల్ కుల వివక్షను నిషేధించింది. కాలిఫోర్నియాలో అలాంటి బిల్లునే గవర్నర్ వీటో చేశారు. ఆ గొడవంతా జరుగుతున్నప్పుడు తెలుగు చర్చిల నుంచి నాకు పెద్దగా గొంతు వినిపించలేదు. మా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పెళ్లి సంబంధాల వివరాల్లో మాత్రం 'క్రిస్టియన్' తర్వాత బ్రాకెట్లో కులం పేరు తప్పకుండా ఉంటుంది, డాలస్‌లో పుట్టి పెరిగిన అమ్మాయికి కూడా. ఈసారి ఇక్కడి తెలుగు మహాసభల్లో పెళ్లిసంబంధాల పరిచయ కార్యక్రమం పెడితే, క్రైస్తవుల ఫారంలో ఆ కులం గడి లేకుండా అచ్చు వేయమని నిర్వాహకులకు నా విన్నపం. ఎవరైనా పాస్టర్‌గారు అభ్యంతరం చెబితే, కారణం ఏమిటో వేదికెక్కి మైకులో చెప్పమనండి.