నోటీసు తీసుకోకపోతే భూసేకరణ ఆగుతుందా?

రోడ్డుకో రిజర్వాయరుకో భూసేకరణ మాట వినబడగానే చుట్టాలు, స్నేహితులు అదే మెసేజ్ పంపుతున్నారు. "ప్రైవేటు భూమిని ప్రభుత్వం ముట్టుకోకూడదని 2024లో సుప్రీంకోర్టు చెప్పేసింది. 80 శాతం మంది ఒప్పుకోకపోతే సేకరణ చెల్లదు. నోటీసు తీసుకోవద్దు. చెక్కు తీసుకుంటే కోర్టుకెళ్లే హక్కు పోతుంది."

2024 నవంబరులో తొమ్మిదిమంది జడ్జీలు చెప్పింది వేరు. ప్రతి ప్రైవేటు ఆస్తీ రాజ్యాంగంలోని 39(బి) అధికరణ కింద సమాజ వనరు కాదన్నారు, అంతే. 2013 భూసేకరణ చట్టం అలాగే ఉంది.

80 శాతం సమ్మతి ప్రైవేటు కంపెనీల కోసం తీసుకునే భూమికి. ప్రభుత్వం తానే కట్టే బడికి, ఆసుపత్రికి ఆ లెక్క లేదు.

ఇక నోటీసు. ఈ సలహా ఇచ్చినవాడికి సెంటు భూమైనా ఉందా? మీరు తలుపేసుకున్నా నోటిఫికేషన్ గెజిట్‌లో, రెండు పత్రికల్లో, పంచాయతీ ఆఫీసులో వచ్చేస్తుంది. అభ్యంతరానికి 60 రోజులు. జాతీయ రహదారి చట్టం కిందైతే 21 రోజులే. ఆ గడువు ఇంట్లో కూర్చుని పోగొట్టుకోమంటారా? విచారణకు వెళ్లకపోతే జాబితాలో మీ బోరు లేదని, ముప్పై మామిడి చెట్లను పదిగా రాశారని, పట్టా ఇంకా చనిపోయిన తాత పేరు మీదే ఉందని ఎవరు చెబుతారు? మీరు లేకుండానే అవార్డు, అంటే పరిహారం తేల్చే ఉత్తర్వు, ఇచ్చేస్తారు. భూమి పోతుంది, డబ్బు డిపాజిట్‌లో పడి ఉంటుంది. మూడేళ్లుగా ఆ చేను మీదే బతికిన కౌలు రైతుకూ పునరావాస హక్కుంది. నోటిమాట కౌలు కాబట్టి సర్వేలో పేరు చెప్పుకోకపోతే అతను కాగితం మీద లేనట్టే. వాళ్ల నోట్లో మట్టి కొట్టడానికా ఈ ఫార్వర్డులు?

చెక్కు సంగతిలో మాత్రం మెసేజ్‌లో సగం నిజం ఉంది. మారుమాట లేకుండా డబ్బు తీసుకుంటే, పరిహారం చాలలేదని పైకి వెళ్లే హక్కు నిజంగానే పోతుంది. "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసి సంతకం పెడితే పోదు.

రేటు మీద కోపమూ న్యాయమైనదే. విలువ కట్టేది రిజిస్ట్రేషన్ ధరనో, మూడేళ్ల అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటునో చూసి, రెంటిలో ఎక్కువైనదాన్ని బట్టి. మన ఊళ్లలో దస్తావేజుల మీద అసలు ధర ఎవరు రాయిస్తున్నారు? దాని మీద 100 శాతం సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము) కలిపినా బయటి ధర అందదు. కొట్లాడాల్సింది అక్కడ. చుట్టుపక్కల ఎక్కువ ధరకు రిజిస్టరైన దస్తావేజుల నకళ్లు తీయించండి, నోటీసు మీద అందిన తేదీ వేసుకోండి, అభ్యంతరం రాసిచ్చి రసీదు అడగండి.