రెండూ పెరిగితే చాలదా?

గణితశాస్త్రానికి జనాభిప్రాయం మీద ఏ మాత్రం గౌరవం లేదని నిరూపించడానికి అనులోమానుపాతం ఒక్కటి చాలు. ఒక రాశి పెరిగినప్పుడు మరొకటి కూడా పెరిగితే అవి రెండూ అనులోమానుపాతంలో ఉన్నట్టేనని లోకమంతా ఏకగ్రీవంగా తీర్మానించుకుని హాయిగా బతుకుతోంది. ఈ శాస్త్రం మాత్రం పెరిగితే సరిపోదని, ఒకటి రెట్టింపైతే రెండోదీ కచ్చితంగా రెట్టింపు కావాలని, రెండోదాన్ని మొదటిదానితో భాగించిన ప్రతిసారీ అదే స్థిరాంకం రావాలని గుమ్మంలోనే నిలబెట్టి అడ్డు ప్రశ్నలు వేస్తుంది.

ట్యాక్సీ మీటరు సంగతే చూడండి. ఎక్కి కూర్చోగానే 50 చూపించి, ఆపైన కిలోమీటరుకు 10 చొప్పున పెంచుకుంటూ పోయే మీటరు ఒకటి ఉందనుకుందాం. దూరం పెరిగేకొద్దీ ఛార్జీ పెరుగుతుంది. జేబు తేలికవుతున్న ప్రయాణికుడికి ఇంతకన్నా రుజువేం కావాలి? అయినా గణితం ఒప్పుకోదు. 2 కిలోమీటర్లకు 70, 4 కిలోమీటర్లకు 90 అయ్యాయి. దూరం రెట్టింపైనా ఛార్జీ 140 కాలేదు గనుక, భాగించి చూస్తే ఒకచోట 35, మరోచోట 22.5 వస్తున్నాయి గనుక, అభ్యర్థన తిరస్కరించడమైనది. గ్రాఫు గీసి చూపిస్తే అది నిక్షేపమైన సరళరేఖే, కానీ రెండు రాశులూ సున్నా అయ్యే మూలబిందువు గుండా పోవడం లేదట. బండి కదలకుండానే 50 అడిగే మీటరుకు లేని పట్టింపు గణితానికి ఎందుకో అర్థం కాదు.

సమీకరణాల దగ్గరికి వస్తే వివక్ష మరీ బాహాటంగా కనిపిస్తుంది. వై = 4ఎక్స్ + 7 అనే పెద్దమనిషి తరహా సమీకరణాన్ని చివరనున్న 7 కారణంగా బయటికి పంపిస్తారు. 5వై − 2ఎక్స్ = 0 అని ఎటువంటి పోలికా లేకుండా వచ్చినదాన్ని మాత్రం, పదాలను అటూ ఇటూ మార్చి చూసి, వై అంటే ఎక్స్‌కు ఐదింట రెండు వంతులే కదా అని లోపలికి తీసుకుంటారు. వై = ఎక్స్ వర్గం అన్నది బుద్ధిగా మూలబిందువు గుండానే పోతున్నా, నిష్పత్తి నిలకడగా లేదన్న సాకుతో దానికీ ప్రవేశం లేదు. అన్నిటికన్నా దారుణం, వై = −3ఎక్స్‌ను చేర్చుకోవడం: ఎక్స్ పెరుగుతుంటే వై తగ్గిపోతున్నా, నిష్పత్తి ఎప్పుడూ −3 దగ్గరే ఉందని దానికి పూర్తి సభ్యత్వం ఇచ్చారు. అంటే పెరగడం చాలదు సరికదా, అవసరం కూడా కాదన్నమాట!

ప్రకృతి అయినా ప్రజల పక్షాన నిలుస్తుందనుకుంటే అదీ లేదు. పీడనం మారనప్పుడు వాయువు ఘనపరిమాణం ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుందని పుస్తకాలు చెబుతాయి గాని, 10 డిగ్రీల సెల్సియస్‌ను 20 చేసి రెట్టింపు ఘనపరిమాణం కోసం ఎదురుచూసినవారికి నిరాశే మిగులుతుంది. ఆ సూత్రం సెల్సియస్ సున్నాను గుర్తించదు, −273.15 దగ్గర మొదలయ్యే కెల్విన్ కొలమానానికే విధేయంగా ఉంటుంది. వాహనం వేగం గంటకు 50 నుంచి 100 కిలోమీటర్లకు పెరిగితే, బ్రేకు పడ్డాక బండి ఆగడానికి పట్టే దూరం రెట్టింపవుతుందని ఎంతమంది చోదకులు నమ్మినా, అది సుమారు నాలుగు రెట్లవుతుంది. ఈ విషయంలో రోడ్డుకు ఎవరితోనూ చర్చించే అలవాటు లేదు.

కాస్తో కూస్తో మాట వినేది స్ప్రింగు. బరువు రెట్టింపు చేస్తే సాగుదల కూడా రెట్టింపవుతుందని కనిపెట్టిన రాబర్ట్ హుక్, ఆ సంగతిని 1676లో అక్షరాలు తారుమారు చేసి పొడుపుకథలా ప్రకటించి, 1678లో గాని విప్పి చెప్పలేదు. అయితే ఈ విధేయతకూ ఒక హద్దుంది: స్థితిస్థాపక అవధి దాటాక స్ప్రింగు నిష్పత్తిని వదిలేసి తన ఇష్టానికి సాగుతుంది, బరువు తీసేసినా పాత పొడవుకు రాదు. ఉద్యోగి పనిగంటలు రెట్టింపు చేస్తే పని కూడా రెట్టింపవుతుందని లెక్క వేసే యాజమాన్యాలు ఈ అవధిని ఇనుముకు సంబంధించిన స్వల్ప లోపంగా భావించి పక్కన పెట్టడం సమంజసమే.

ఇంత కఠినమైన నియమాలున్నా అధైర్యపడకుండా, సమావేశాలు ఎన్ని పెరిగితే పనులు అంతగా పూర్తవుతాయన్న సూత్రాన్ని అమలుచేస్తున్న కార్యాలయాలను అభినందించాలి. దాన్ని గణితం చేత ఒప్పించడానికి మొట్టమొదట చేయవలసింది సున్నా దగ్గర పరీక్షించడం: సమావేశం ఒక్కటీ జరగని వారంలో పూర్తయిన పనులు కూడా సున్నా కావాలి. అటువంటి వారం ఒకసారి అనుకోకుండా వచ్చినప్పుడు పూర్తయిన పనుల జాబితా మూడు పేజీలు దాటినందున, ఈ అవకతవకకు బాధ్యులెవరో తేల్చడానికి సోమవారం నుంచి రోజుకు రెండు సమావేశాలు ఏర్పాటు చేయడమైనది.