గాంగ్లియాన్ బ్లాకర్లు: పాఠంలో ఉంచాలా, కొట్టేయాలా?

(ఫార్మకాలజీ విభాగం. సిలబస్ తగ్గించే పనిలో ప్రొఫెసరు, పీజీ విద్యార్థిని.)

పీజీ: సార్, నరాల కూడళ్లను (గాంగ్లియాన్లను) అడ్డుకుని బీపీ దించే ఈ మందుల పాఠం కొట్టేద్దాం. హెక్సామిథోనియం, పెంటోలినియం, ట్రైమెథాఫాన్... మన వార్డుల్లో ఎవరైనా రాసే మందులా ఇవి? ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టుంటుంది వీటితో వైద్యం. తగ్గాల్సింది బీపీ. దెబ్బ తినేది ఒళ్లంతా.

ప్రొఫెసర్: ఒళ్లంతా ఎందుకు దెబ్బ తింటుందో చెప్పమ్మా.

పీజీ: గుండె, పేగు, రక్తనాళాల్లాంటివాటిని మన ప్రమేయం లేకుండా నడిపే నరం మెదడు, వెన్నుపాము నుంచి బయల్దేరి సరాసరి అవయవం దాకా పోదు. మధ్యలో గాంగ్లియాన్ దగ్గర ఎసిటైల్‌కోలిన్ వదిలి, రెండో నరానికి కబురందిస్తుంది. అక్కడి నికోటినిక్ గ్రాహకాన్ని ఈ మందు అడ్డుకుంటుంది. ఒంటిని ఉరికించే సింపథెటిక్ నరాలైనా, నెమ్మదింపజేసే పారాసింపథెటిక్ నరాలైనా అక్కడ గ్రాహకం అదే. అందుకే రెండూ మూగబోతాయి.

ప్రొఫెసర్: మూగబోయాక ఏ అవయవం ఎటు మొగ్గుతుందన్నదే అసలు పాఠం. రక్తనాళాల మీద సింపథెటిక్‌ది పైచేయి. అది పోతే నాళాలు వదులై బీపీ పడుతుంది. గుండె, కంటిపాప, పేగు, మూత్రాశయం మీద పారాసింపథెటిక్‌ది పెత్తనం. అది పోతే గుండె వేగం పెరుగుతుంది, కంటిపాప పెద్దదవుతుంది, మలం, మూత్రం బిగుసుకుంటాయి. ఈ ఒక్క సంగతి బోధపడితే పిల్లలు దుష్ప్రభావాల పట్టిక బట్టీ పట్టక్కర్లేదు.

పీజీ: ఆ పట్టికంతా రోగి అనుభవించినదే కదా సార్. పొద్దున్నే మంచం దిగి నిలబడతాడు. కాళ్లలోకి జారే రక్తాన్ని ఆపడానికి మామూలుగా నాళాలు క్షణాల్లో బిగుస్తాయి. ఇతనికి ఆ కబురు గాంగ్లియాన్ దాటదు. కళ్లు చీకట్లు కమ్మి గోడ పట్టుకుంటాడు. నోరెండి ముద్ద దిగదు, దగ్గరి అక్షరాలు ఆనవు. మగతనం పోయిందని ఎవరికీ చెప్పుకోలేడు. పేగు పూర్తిగా నిలిచిపోయే ప్రమాదమూ ఉంది. ఇంత బాధపెట్టి ఆ మందు ఇచ్చిందేమిటి?

ప్రొఫెసర్: ప్రాణం. 1945లో రూజ్‌వెల్ట్ చనిపోయేముందు చూసిన బీపీ 300/190. అమెరికా అధ్యక్షుడికే దాన్ని దించే సరైన మందు లేదు. మాలిగ్నెంట్ హైపర్‌టెన్షన్, అంటే బీపీ విపరీతంగా పెరిగి కళ్లు, కిడ్నీలు దెబ్బతినే జబ్బు, వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఏడాది తిరగకుండానే పోయేవాళ్లు. 1948లో పేటన్, జైమిస్ అనే శాస్త్రవేత్తలు హెక్సామిథోనియం సంగతి బయటపెట్టారు. న్యూజిలాండ్‌లో, డునెడిన్‌లో స్మర్క్ అనే డాక్టరు దాన్ని రోగులకు వాడాడు. నోటితో తీసుకుంటే సరిగ్గా ఒంటపట్టదు, అందుకని రోగులే సూది వేసుకోవడం నేర్చుకున్నారు. బీపీ దించితే మనిషి బతుకుతాడని ఆ సూదులతోనే నమ్మకం కుదిరింది.

పీజీ: అది కాదనను. కానీ బీపీ దించే మన సర్పగంధ మొక్క గురించి డాక్టర్ వకీల్ 1949లోనే రాశారు. 1958కల్లా మూత్రం ఎక్కువ పోయించి బీపీ దించే క్లోరోథయజైడ్ వచ్చేసింది.

ప్రొఫెసర్: సర్పగంధ నెమ్మదిగా పనిచేస్తుంది. చూపు పోతున్నవాడు వారాలు ఆగగలడా? ట్రైమెథాఫాన్ అయితే ఆ తర్వాత కూడా చాలాకాలం నిలిచింది. బృహద్ధమని గోడ చీలినప్పుడు, ఆపరేషన్‌లో రక్తస్రావం తగ్గించాలని కావాలనే బీపీ దించినప్పుడు అదే డ్రిప్. ఆపితే నిమిషాల్లో ప్రభావం పోయేది.

పీజీ: ఆ పనికి ఇప్పుడు ఎస్మోలాల్, లాబెటలాల్ ఉన్నాయి. నన్ను కలచివేసింది 2001 నాటి సంగతి సార్. జాన్స్ హాప్కిన్స్‌లో ఆస్తమా పరిశోధన కోసం 24 ఏళ్ల ఆరోగ్యవంతురాలు హెక్సామిథోనియం పీల్చింది. ఊపిరితిత్తులు చెడిపోయి నెలలోపే చనిపోయింది.

ప్రొఫెసర్: ఈ మందుతో ఊపిరితిత్తులకు ముప్పుందని 1950లలోనే రాసిపెట్టారమ్మా. పరిశోధకులు వెతికిన కంప్యూటర్ జాబితా 1966 దగ్గర మొదలైంది, పాత వ్యాసాలు వాళ్ల కంటపడలేదు. మనమూ కొట్టేస్తే రేపు ఇంకొకరికి ఎవరు చెప్తారు?

పీజీ: (కాసేపాగి) అయితే ఊపిరితిత్తుల సంగతి ఉంచుదాం. పేర్ల జాబితా మాత్రం తీసేయాల్సిందే. ఇదే కోవకు చెందిన మెకమైలమిన్ ఒక్కటి చాలు. అది నోటి ద్వారా ఒంటపడుతుంది, మెదడులోకీ పోయి వణుకు, అయోమయం తెస్తుంది. ఉన్నట్టుండి ఆపేస్తే బీపీ తిరగబెడుతుంది.

ప్రొఫెసర్: సరే, క్లాసు ఎక్కడ మొదలుపెడతావు?

పీజీ: పడుకోబెట్టి చూసిన బీపీ, లేచి నిలబడ్డ మూడు నిమిషాలకు చూసిన బీపీ. ఆ రెండు అంకెలూ బోర్డు మీద రాసి, మధ్యలో గాంగ్లియాన్ బొమ్మ వేస్తాను.