బేసిస్టును ఎందుకు తీసేయాలంటే

ప్రతి బ్యాండులోనూ రిహార్సల్ అయిపోయి వైర్లు చుట్టుకునే వేళ ఎవరో ఒకరి మనసులో ఒక ప్రశ్న మెదులుతుంది. పైకి అనడానికి మొహమాటం. ఆ మొహమాటాన్ని ఇవాళ కాసేపు పక్కన పెడదాం. బేసు గిటారు వాయించే మనిషి మనకు అవసరమా? ఉన్నవి నాలుగే తీగలు. అందులోనూ పాట మొత్తానికి వాడేవి ఒకటిన్నర. డబ్బులు పంచుకునేటప్పుడు మాత్రం ఆరు తీగలవాడితో సమానంగా చెయ్యి చాపుతాడు. ప్రోగ్రామ్ చూసి వచ్చినవాణ్ణి ఆపి ‘బేసు ఎలా ఉంది?’ అని అడగండి. ‘అందులో బేసు ఏది?’ అని మిమ్మల్నే అడుగుతాడు. కాబట్టి ఈ పదవిని రద్దు చేయడమే న్యాయం. ఆ పని పద్ధతిగా జరగాలి గనుక, సాంకేతిక అంశాలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

పొరపాటు పెద్ద ఎత్తున జరిగింది 1951లో. అంతకు ముందు బేసు అంటే మనిషెత్తు డబుల్ బేస్. వినిపించినా వినిపించకపోయినా, కనిపించేది. దానికి ఫ్రెట్లు, అంటే మెడ మీద స్వరాల చోట్లు గుర్తుపట్టే అడ్డ గీతలు, ఉండవు, స్వరం ఎక్కడుందో వేలే వెతుక్కోవాలి. గిటార్లు తయారుచేసే లియో ఫెండర్ దాన్ని భుజాన తగిలించుకునేంత చేసి, మెడ మీద ఫ్రెట్లు దిగ్గొట్టి, ఇక స్వరం గురి తప్పదు కాబట్టి ప్రెసిషన్ బేస్ అని పేరు పెట్టాడు. వాయిద్యం చిన్నదైంది. వాయించేవాడు ఇంకా చిన్నవాడయ్యాడు.

మొన్నమొన్నటి దాకా రద్దుకు బలమైన కారణం బరువు. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ బేసు శబ్దాన్ని పెంచే 300 వాట్ల ట్యూబ్ ఆంప్. హెడ్, అంటే స్పీకర్లు లేని ఆంప్ పెట్టె, ఒక్కటే 40 కిలోలకు దగ్గర. దాని కింద పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న క్యాబినెట్, అటూ ఇటూగా అరవై కిలోలు. దాన్ని ముద్దుగా ఫ్రిజ్ అంటారు. మెట్లెక్కించేటప్పుడు ఆ ముద్దు ఎవరికీ రాదు. క్లాస్-డి అనే తేలికపాటి ఆంపులు వచ్చి మన వాదనను దెబ్బతీశాయి. ఇప్పుడు అంత పవరూ మూడు కిలోల పెట్టెలో ఇమిడి భుజం సంచిలోకి వచ్చేస్తోంది. బరువు కారణం పోయింది కాబట్టి ఇక సిద్ధాంతం మీదే పోరాడాలి.

ముందు ప్రత్యామ్నాయం చూసుకోవాలి. బేసిస్టు చేసే ఆ కాస్త పని ఎవరికి అప్పగిద్దాం?

గిటారిస్టుకు ఇద్దామంటే ఒక చిన్న చిక్కు. అతని అడుగు తీగ ‘ఇ’ 82 హెర్ట్‌జ్ దగ్గర మోగుతుంది, బేసు ‘ఇ’ దానికి సరిగ్గా సగం, 41. స్థాయి మార్చే ఆక్టేవ్ పెడల్ తొక్కి కిందికి దించవచ్చు. ఒక్కో స్వరం విడిగా మీటినంత సేపు బానే ఉంటుంది. కొన్ని స్వరాలు కలిపి కార్డ్ పట్టగానే, పాత రకం అనలాగ్ పెడల్ అయితే, నోట్లో నీళ్లు పోసుకుని మాట్లాడినట్టు గుడగుడలాడుతుంది. పైగా గిటారు ఆంపులో స్పీకరు అంత మంద్రానికి చేసింది కాదు. బలవంతపెడితే కోన్ కొట్టుకుని చిరుగుతుంది. వీటన్నిటికంటే పెద్ద ఇబ్బంది, సోలో రాగానే అతని చెయ్యి పన్నెండో ఫ్రెట్ పైకి పాకుతుంది, పాట పునాది కూడా అతనితోపాటే మేడెక్కుతుంది.

కీబోర్డిస్టు ఎడమచేయి ఈ పదవికి చాలాకాలంగా అనధికారికంగా పోటీ పడుతోంది. కుడిచేయి నాలుగు మెరుపులు మెరిపించడం మొదలెట్టగానే ఎడమచేయి ఎక్కడుందో దానికే గుర్తుండదు. దానికి తోడు స్వరాన్ని ఆగనివ్వని సస్టెయిన్ పెడల్ తొక్కి పెడతారు. కింది స్వరాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని, గదినిండా పొగ పట్టినట్టు అవుతుంది. ఇక ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసిన ట్రాక్. ఇది క్రమశిక్షణ కలది, వాటా అడగదు. సింగరు రెండో చరణం మర్చిపోయి తిన్నగా పల్లవిలోకి దూకినప్పుడు మాత్రం తన చరణం తాను నింపాదిగా పూర్తి చేసుకుంటుంది.

అప్పగించడం ఎంత కష్టమో చూశాం. ఇప్పుడు, ఈ పదవికి ఉన్న ఒక రహస్య అధికారం గురించి. బ్యాండులో చాలామందికి ఇది తెలియదు, తెలియనివ్వకపోవడమే మంచిదని బేసిస్టుల అభిప్రాయం కావచ్చు.

గిటారిస్టు ‘సి’ మేజర్ పట్టి కూర్చున్నాడనుకోండి. మన లెక్కలో స, గ, ప. అతను వేలు కదపడు. కింద బేసిస్టు స వేస్తే అది ‘సి’ మేజరే, ఎవరికీ అభ్యంతరం లేదు. అదే సమయంలో బేసిస్టు ద లోకి దిగితే, గిటారిస్టు వాయిస్తున్నది ఎవరి అనుమతీ లేకుండా ‘ఎ’ మైనర్ సెవెన్ అయిపోతుంది. పాట మొహం చిన్నబోతుంది. మ పట్టుకుంటే ‘ఎఫ్’ మేజర్ సెవెన్ వాసనేస్తుంది, కిటికీ తెరిచినట్టు. గ మీద నిలబడితే కార్డు అదే కానీ, గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టినట్టు ఉంటుంది. నాలుగు సార్లూ గిటారిస్టు చేసింది ఒకటే. అతని చేతిలోని కార్డుకు పేరు పెట్టింది మరొకడు. శ్రుతి తల్లి, లయ తండ్రి అన్నారు పెద్దలు. పిల్లకు పేరు పెట్టే అధికారం మాత్రం మూల నిలబడ్డవాడి చేతిలో ఉంది. ఇంత నిరంకుశత్వం ఏ బ్యాండుకూ మంచిది కాదు. అర స్వరం తప్పు పడితే, జనం చూసేది సింగరు వంక.

అందుకే ‘వినిపించడం లేదు’ అనే మూల ఫిర్యాదుకే తిరిగి వద్దాం. దాని మీద లోతైన విచారణ అవసరం.

నేరం సాధారణంగా పడకగదిలో జరుగుతుంది. బేసిస్టు ఒంటరిగా కూర్చుని ఆంప్ మీద బేస్ నాబ్ పెంచుతాడు, పై స్థాయి ట్రెబుల్ పెంచుతాడు, మధ్య స్థాయి మిడ్ పూర్తిగా కోసేస్తాడు. ఒక్కో స్థాయికి ఒక్కో గుండీ ఉండే గ్రాఫిక్ ఈక్యూ ఉంటే గుండీలు నవ్వుతున్న నోటిలా వరుస తీరతాయి. ఒంటరిగా వింటే ఆ టోన్ దివ్యం. తక్కువ వాల్యూమ్‌లో మంద్రం మన చెవికి సరిగా ఆనదు, ఆ సంగతి ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి గీతలు గీసి చూపించారు. కాబట్టి ఇంట్లో పెంచిన బేసు పెంచినట్టే అనిపించదు. అదే సెట్టింగుతో రిహార్సల్‌కు వస్తాడు. 60 హెర్ట్‌జ్ చుట్టుపక్కల పెంచినదంతా కిక్ డ్రమ్ము మింగేస్తుంది. పైన పెంచినది సింబల్స్ ఖాతాలో పడుతుంది. తన చేత్తో తానే ఖాళీ చేసిన మధ్య జాగాలో రెండు గిటార్లు కాళ్లు చాపుకుని పడుకుంటాయి. బేసిస్టు వినిపించడు. వాల్యూమ్ పెంచుతాడు. ఇప్పుడు గోడ మీది ట్యూబ్‌లైటు వినిపిస్తుంది.

మందు తెలిసినదే కానీ చేదు. నాబులన్నీ నడిమికి తెచ్చి మొదలెట్టాలి. బేస్ నాబ్‌ను ముట్టుకోకుండా 700, 800 హెర్ట్‌జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్స్ పెంచాలి, బురద ఎక్కువైతే 250 దగ్గర కొంచెం తీయాలి. 35 హెర్ట్‌జ్ కింద ఉన్నది స్పీకరును ఊపడానికి తప్ప చెవికి పనికిరాదు, మంద్రాన్ని ఆపే హైపాస్ ఫిల్టర్ పెట్టి కోసేయాలి. 41 హెర్ట్‌జ్ అసలు స్వరం సరిగా వినబడకపోయినా 82, 123 దగ్గరి దాని పై పొరలను పట్టుకుని మెదడు ఆ స్వరాన్ని అల్లుకుంటుంది. వేలెడంత స్పీకరున్న ఫోన్లోనూ బేసు వరుస తెలిసేది అందుకే. ఆ పొరలను కోసేసి అడుగు మాత్రం పెంచుకోవడమంటే కాగితం మీద పేరు చెరిపేసి సంతకం కింద గీత లావుగా గీసుకోవడం. ఇంకా, గిటారిస్టు చేత అతని ఆంప్‌లో 100 హెర్ట్‌జ్ కింద తీయించాలి. ఇది సాంకేతిక పని కాదు, రాయబారం. ఒంటరిగా విన్నప్పుడు అతని టోన్ పలచబడిందని బాధపడతాడు. అతన్ని ఒంటరిగా విననివ్వకూడదు, అంతే.

వాల్యూమ్ పెంచితే తీరుతుందనే భ్రమ గురించి కూడా ఒక మాట. ఆంప్ వాట్లు రెట్టింపు చేస్తే దక్కేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు అనిపించాలంటే పది డెసిబెల్స్ కావాలి, అంటే పదిరెట్ల వాట్లు. సరే, ఇంకో క్యాబినెట్ కలుపుదామంటారు. 8 ఓముల నిరోధం ఉన్నవి రెండు కలిపితే 4 ఓములు, మంచిదే. మూడోది కలిపితే 2.67. కనీసం 4 అని వెనక రాసి ఉన్న ఆంప్ కాసేపు ఓర్చుకుని, వేడెక్కి, సరిగ్గా ముఖ్యమైన పాటలో మౌనం పాటిస్తుంది.

గది చేసే కుట్ర వేరు. 41 హెర్ట్‌జ్ శబ్దం ఒక్క అల పొడవు ఎనిమిది మీటర్ల పైన. 4.2 మీటర్ల గదిలో సగం అల గోడకూ గోడకూ సరిగ్గా ఇముడుతుంది. ఆ గదిలో ‘ఇ’ మీటితే తలుపు గడియ గలగలమంటుంది, మిగతా స్వరాలు మర్యాదగా పలుకుతాయి. బేసిస్టుకు వేళ్లు అదుపులో లేవని తిట్లు పడతాయి. ఆంపును మూలకు నెడితే మరీ ఎక్కువవుతుంది. గోడ నుంచి ఇవతలికి లాగి మళ్లీ వినాలి. నేల మీద పెట్టిన ఆంప్ మోకాళ్లకు బాగా వినిపిస్తుంది. చెవులకు కూడా వినిపించాలంటే కుర్చీ మీదకు ఎత్తాలి, లేదా వెనక్కి వాల్చాలి. మోకాళ్లతో వినేవాళ్లే వాల్యూమ్ పెంచుతారు.

బేసిస్టును తీసేసినా వాయిద్యాన్ని ఉంచుకుందాం, ఎవరో ఒకరు వాయిస్తారులే అనే మధ్యేమార్గం కూడా ఉంది. అలాంటప్పుడు దాని ఆలనాపాలనా కూడా ఒప్పజెప్పాలి. మొదటి ఫ్రెట్‌నూ, మెడ చెక్కకు అతుక్కునే చోటి ఫ్రెట్‌నూ నొక్కి పట్టుకుని ఏడో ఫ్రెట్ దగ్గర చూస్తే తీగకూ ఫ్రెట్‌కూ నడుమ 0.3 మిల్లీమీటర్ల సందు ఉండాలి. తేడా ఉంటే మెడ వంపును సరిచేసే ట్రస్ రాడ్‌ను పావు చుట్టు తిప్పి, ఆగి, శ్రుతి చేసి మళ్లీ చూడాలి. ఒకేసారి ఒక చుట్టు తిప్పిన వీరులకు మెడలు దక్కలేదు. పన్నెండో ఫ్రెట్‌లో నొక్కిన స్వరం అక్కడే తీగను నొక్కకుండా తాకి పలికించే హార్మోనిక్ కంటే హెచ్చుగా ఉంటే తీగ చివర ఆనే శాడిల్ వెనక్కి, తగ్గుగా ఉంటే ముందుకు. జాజ్ బేస్ రకం అయితే రెండు పికప్‌ల వాల్యూములూ సమానంగా ఉన్నప్పుడే వాటి హమ్ (కరెంటు రొద) ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, ఒకటి తగ్గించగానే తేనెటీగలు లేస్తాయి. యాక్టివ్ బేసులో 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. దానికి స్విచ్ లేదు, వైరు గుచ్చడమే స్విచ్. రాత్రంతా వైరు గుచ్చి వదిలేస్తే రాత్రంతా వెలుగుతూనే ఉన్నట్టు. అది పోయేముందు మీటిన ప్రతి స్వరమూ చిరిగిన గొంతుతో పలుకుతుంది, అందరూ కొత్త ఎఫెక్ట్ అనుకుని మెచ్చుకుంటారు.

రద్దు కొత్తేమీ కాదని చెప్పడానికి జేమ్స్ జేమర్సన్ ఉన్నాడు. మోటౌన్ రికార్డు కంపెనీ హిట్లకు లెక్కలేనన్నిటికి బేసు అతనిదే. 1962 నాటి ప్రెసిషన్, నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు, తెగితే తప్ప మార్చడు, తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర మోత అణిచే ఫోమ్ ముక్క, కుడిచేతి చూపుడువేలు ఒక్కటి. చాలా ఏళ్లపాటు రికార్డుల మీద పేరే వేయలేదు. 1971లో మార్విన్ గే ఆల్బమ్ మీద కనిపించేదాకా, ప్రపంచమంతా ఆడింది ఎవరి వేలికో ప్రపంచానికి తెలియదు. తీగలు నెలనెలా మార్చే పెద్దమనుషులు ఆ ఫోమ్ ముక్క సంగతి కాస్త ఆలోచించాలి.

డ్రమ్మరు వైపు నుంచి ఒక అభ్యంతరం రావచ్చు. బేసు స్వరం ఎక్కడ మొదలవుతుందో అందరూ చూస్తారు, ఎక్కడ ఆగుతుందో డ్రమ్మరు ఒక్కడే గమనిస్తాడు. రెండో దెబ్బగా స్నేర్ డ్రమ్ము పడే క్షణానికి బేసు తీగను అణిచేస్తే ఆ స్నేర్ చెంపదెబ్బలా పేలుతుంది. సాగదీసి దాని మీదుగా మోగనిస్తే దిండు మీద కొట్టినట్టు ఉంటుంది. స్నేర్ మారలేదు, దెబ్బ మారలేదు.

చర్చ చాలు, ప్రయోగం చేద్దాం. అందరికీ బాగా వచ్చిన పాట తీసుకోండి. మొదటి చరణం అయ్యాక, ఎవరికీ చెప్పకుండా బేసు ఆంప్ మీద మ్యూట్ నొక్కేయండి. బేసిస్టు వేళ్లు ఆడిస్తూనే ఉండాలి. మొదటి నాలుగు ఆవర్తాలు ఏమీ జరగదు. మన సిద్ధాంతం గెలిచినట్టే. తర్వాత డ్రమ్మరు కొంచెం గట్టిగా కొడతాడు, ఎందుకో అతనికే తెలియదు. పాట ఒక అరడుగు వేగం పెంచుతుంది. సింగరు తన మానిటర్ స్పీకరు వైపు చూసి పైకి అన్నట్టు వేలు చూపిస్తాడు. కీబోర్డిస్టు ఎడమచేయి కిందికి పాకి, అక్కడ ఎవరూ లేరని తెలిసి ధైర్యం చేస్తుంది. గిటారిస్టు వంగి నాబ్ ఒకటి తిప్పుతాడు, మళ్లీ తిప్పుతాడు, వైరు లాగి గుచ్చుతాడు. పాట అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడరు. ‘ఏదో తేడాగా ఉంది కదా?’ అంటాడు సింగరు. ‘అవును, పలచగా ఉంది’ అంటాడు డ్రమ్మరు. బేసిస్టు ఏమీ అనడు. పావుగంట చర్చించిన మీదట ఏకగ్రీవంగా తేలుతుంది: గిటారిస్టుకు ఇంకో పెడల్ కొనాలి.