పాటల విషయంలో పాలకులు వహించవలసిన జాగ్రత్తలు

నియంతృత్వాన్ని నాలుగు కాలాలపాటు చల్లగా నడుపుకోదలచిన పాలకులందరూ 1974 ఏప్రిల్ 24 రాత్రి లిస్బన్‌లో జరిగిన ఘోరమైన నిర్లక్ష్యాన్ని శ్రద్ధగా అధ్యయనం చేయాలి. పోర్చుగల్‌లో నిరంకుశ పాలన మొదలై అప్పటికి 48 ఏళ్లు. నీలి పెన్సిలుతో రాతలు కొట్టివేసే సెన్సారు అధికారులు, గోడలకు చెవులు మొలిపించిన రహస్య పోలీసులు, అన్నీ సలక్షణంగానే ఉన్నాయి. అయినా రాత్రి 10.55కు ఒక రేడియో కేంద్రం పావులు ద కర్వాల్యు పాడిన వీడ్కోలు పాటను వినిపిస్తే ఎవరికీ అనుమానం రాలేదు. ఎలా వస్తుంది? అదే నెల 6న యూరప్ దేశాల పాటల పోటీ అయిన యూరోవిజన్‌లో మూడంటే మూడు మార్కులతో అట్టడుగున మిగిలిన పాట అది. ఓడిన పాటకు భయపడడం ప్రభుత్వానికి నామర్దా. ఆ ప్రభుత్వాన్ని కూల్చడానికి కాచుకున్న తిరుగుబాటు సైనికాధికారులకు మాత్రం సన్నద్ధం కమ్మని చెప్పిన తొలి సంకేతం అదే.

రెండో సంకేతం విషయంలో సెన్సారు వారు చేసిన మేలు మరువరానిది. గాయకుడు జుజె అఫోన్సు పాటల్లో కుట్రదారులు ముందు అనుకున్నది వేరొకటి. దానిపై నిషేధం ఉండడంతో, నిషేధానికి నోచుకోని ‘గ్రాందోలా, విలా మొరేనా’తో సరిపెట్టుకున్నారు. విప్లవగీతాన్ని ఖరారు చేసింది ఒక రకంగా ప్రభుత్వమే. వాద్యమన్నదే లేకుండా, కంకర మీద నడిచే అడుగుల చప్పుడుతో మొదలై, ఊళ్లో పెత్తనం జనానిదేనని తేటతెల్లంగా చెప్పే ఆ పాటను అర్ధరాత్రి దాటాక 12.20కి ప్రసారం చేసిన పుణ్యం కేథలిక్ చర్చి వారి రేడియోకు దక్కింది.

పాటలకు ప్రభుత్వాలు పడవని, పోర్చుగల్ ఆఫ్రికా వలసల్లో, 1961లో అంగోలాలో మొదలై గినియా, మొజాంబిక్‌లకు పాకిన యుద్ధాలతో విసిగిన కెప్టెన్లే ఆ పని చేశారని కొందరు వాదిస్తారు. నిజమే. అదే ఏడాది గోవా చేజారినా బుద్ధి తెచ్చుకోని ప్రభుత్వం అది. అయితే వేరువేరు ఊళ్ల బ్యారక్‌లలో విడివిడిగా విసుక్కుంటున్నవారు ఒకే రాత్రి బయటికి రావాలంటే అందరికీ ఒకేసారి వినబడేది ఏదో ఒకటి ఉండాలి కదా. నేరం పాటలోని మాటల్లో కంటే వినిపించిన వేళలో ఉంది కాబట్టి, దూరదృష్టి గల పాలకులు ముందుగా గడియారాలను నిషేధించడం శ్రేయస్కరం.

మరునాడు లిస్బన్‌లోని కార్ము బ్యారక్‌లో చిక్కుకున్న ప్రధాని కయితాను, అధికారం వీధిపాలు కాకూడదని పట్టుబట్టి తిరుగుబాటుదారుల తరఫున వచ్చిన జనరల్ స్పినోలాకు అప్పగించారు. ఆ వీధుల్లో జనం అప్పటికే సైనికుల తుపాకీ గొట్టాల్లో కార్నేషన్ పూలు గుచ్చుతున్నారు. పూల దుకాణాల సంగతి వేరొక కమిటీ పరిశీలించవలసిన అంశం.