దిబ్బ ఎక్కొద్దు, గెడ్డలో నడవండి

ఎర్రమట్టి దిబ్బలకు వచ్చే సందర్శకుల్లో ఎక్కువమంది చేసే మొదటి పని అంచు మీదికెక్కి ఫొటో దిగడం. సరిగ్గా చేయకూడనిది అదే. 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో తిరుమల కొండలతో పాటు విశాఖ-భీమిలి తీరంలోని ఈ దిబ్బలకూ చోటు దక్కింది. ఆ పేరు విని వచ్చేవాళ్లు ఇంకా పెరుగుతారు. వాళ్లను ఆపాలని మేం అనడం లేదు. చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్లూ, అరవై దాటినవాళ్లూ ఆయాసపడకుండా తిరగగల చోటు ఇది. అయితే ఆ నడక ఎక్కడ సాగాలన్నది తేల్చి, గుర్తులు పెట్టి, అమలు చేయాల్సిన బాధ్యత ప్రభుత్వానిది.

ఇవి రాళ్లు కావు, ఇసుక. సుమారు 20 వేల ఏళ్ల కిందట భూమ్మీద మంచు పేరుకున్న కాలంలో సముద్రం నూరు మీటర్లకు పైగా దిగిపోయింది. బయటపడ్డ ఇసుకను గాలి లోపలికి మోసుకొచ్చి కుప్పలు పోసింది. తూర్పు కనుమల్లోని ఖోండలైటు అనే రాయి అరిగి వచ్చిన గార్నెట్, ఇల్మనైట్ ఖనిజాల రేణువులు ఆ ఇసుకలో కలిసే ఉన్నాయి. వాటిలోని ఇనుము వేల ఏళ్లు వానకూ గాలికీ తుప్పుపట్టి, తెల్లటి క్వార్ట్జ్ (పలుగురాయి) రేణువుల మీద పూతగా దిగింది. మనం చూసే ఎరుపంతా ఆ పూతదే. తీరం వెంబడి సుమారు 5 కిలోమీటర్ల పొడవున, 200 మీటర్ల నుంచి 2 కిలోమీటర్ల వెడల్పున, సముద్ర మట్టానికి 10 మొదలు 90 మీటర్ల ఎత్తు వరకూ ఇవి పరుచుకున్నాయి. దక్షిణాసియాలో వీటికి పోలిక తమిళనాడులోని తేరి ఇసుక నేలలు, శ్రీలంక తీరంలోని ఎర్ర దిబ్బలు మాత్రమే.

రేణువుల్ని పట్టి ఉంచుతున్నది కాస్త బంకమన్ను, ఆ ఇనుప పూత. అంతకుమించి ఏమీ లేదు. ఎండాకాలంలో నిలువుగా కోసుకుపోయిన దిబ్బ గోడ రాయిలా కనిపిస్తుంది గానీ తడిస్తే పట్టు సడలిపోతుంది. పైన పడ్డ వాన పగుళ్లలోంచి దిగి, గోడ అడుగున దారి వెతుక్కుని, లోపల ఇసుకను తోడుకుంటూ బయటికొస్తుంది. అంచు పైనుంచి చూస్తే ఏ తేడా తెలియదు. కింద బోలుగా ఉంటుంది. దాని మీద ఇద్దరు నిలబడితే చాలు, మట్టి పెళ్లగా విరిగి పడుతుంది. అంచుకు అడుగు, రెండడుగుల లోపల దానికి సమాంతరంగా సన్నటి పగులు కనిపించిందంటే ఆ ముక్క ఇప్పటికే విడిపోయిందని అర్థం. కింద నడిచేవాళ్లకూ ఇదే ముప్పు. గోడ పాదం దగ్గర తాజాగా రాలిన ఎర్రటి మట్టిగడ్డలు ఉంటే అక్కడ కూర్చోకూడదు, గోడకు ఆనుకుని నడవకూడదు.

కాబట్టి నడవాల్సింది గెడ్డ, అంటే దిబ్బల మధ్య వాన నీరు కోసిన వాగు, అడుగున. అది నీరు తొక్కిన దారి, మన పాదాల వల్ల దానికి వచ్చే నష్టం తక్కువ. పైన గట్టు మీది గడ్డి, పొదలే దిబ్బను కాస్తున్నాయి. జనం తొక్కి తొక్కి అవి పోయిన చోట తర్వాతి వానకు సన్నటి కాలువ పడుతుంది, నాలుగు వానలకు అదే కొత్త గెడ్డ అవుతుంది. బైకులు తెచ్చి తిప్పేవాళ్లు చేసే చెరుపు ఇంకా ఎక్కువ. టైరు పడ్డ చాళ్లలోకి నీరంతా చేరుతుంది.

దారి తప్పడం ఇక్కడ చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది. గెడ్డలు చెట్టు కొమ్మల్లా చీలుతూ పోతాయి, రెండు పక్కలా గోడలే, దూరంగా గుర్తు పెట్టుకోవడానికి ఏమీ ఉండదు. దీనికి విరుగుడు తేలికే: నడక ఎప్పుడూ దిగువన మొదలుపెట్టాలి. ఎగువకు వెళ్తున్నప్పుడు ప్రతి చీలికలో ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వస్తుంది గానీ, తిరుగుదారిలో కొమ్మలన్నీ ఒకదానిలో ఒకటి కలుస్తూ మొదలుపెట్టిన చోటికే చేరుస్తాయి. పైనుంచి దిగితే వ్యవహారం తలకిందులు, వెనక్కి వచ్చేటప్పుడు ప్రతి చీలికా సందేహమే. ఎండిన గెడ్డలో ఎగువ ఏదో తేలకపోతే పొదల మొదళ్లు చూడాలి. వరదకు కొట్టుకొచ్చిన పుల్లలు, ఎండుటాకులు ఏ పక్కన పేరుకుని ఉంటే అది ఎగువ. గట్టు దాటి పక్క గెడ్డలోకి దూకితే మాత్రం ఈ లెక్కేదీ పనిచేయదు, అది వేరే చోట తేలుతుంది.

గంటన్నర, రెండు గంటలు చాలు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉదయం ఏడింటికి బయల్దేరితే హాయి. గెడ్డలో గాలి ఆడదు, నీడ తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిది దాటితే తీరపు ఉక్క తోడై నీరసం తెస్తుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ముల్లు దిగని అడుగున్న బూట్లు, టోపీ ఉంటే మరేమీ అక్కర్లేదు. తెల్లబట్టలు వేసుకురాకపోవడం మంచిది, ఆ ఎరుపు ఒక పట్టాన వదలదు. సాయంత్రం వచ్చేవాళ్లు పొద్దు గుంకడానికి గంట ముందే వెనుదిరగాలి, గోడల మధ్య చీకటి త్వరగా పడుతుంది.

చూసే కన్నుంటే ఒక్క గోడ దగ్గరే అరగంట గడిచిపోతుంది. కింద గోధుమ-ఎరుపు పొరలో గట్టిపడిన ముద్దలు కణుపుల్లా పొడుచుకొచ్చి ఉంటాయి. దాని మీద అసలైన ఇటుక రంగు ఇసుక, అన్నిటికన్నా పైన లేత పసుపు ఇసుక. ఆ పసుపు పొర వయసులో చిన్నది, ఎర్రబారడానికి ఇంకా సమయం చాల్లేదు. పాదాల కింద ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తే మసి అనుకోవద్దు. తేలికైన క్వార్ట్జ్‌ను నీరు ముందుకు తోసుకుపోగా వెనక మిగిలిన బరువు ఖనిజం, ముఖ్యంగా ఇల్మనైట్ అది. ఆదిమానవుల రాతి పనిముట్లు కూడా ఇక్కడ దొరికాయి. చెక్కినట్టున్న రాతి ముక్క కనిపిస్తే ఉన్నచోటే వదిలేయాలి. కదిపితే అది ఏ పొరకు చెందిందో ఇక ఎవరూ చెప్పలేరు.

ఇక ప్రభుత్వం సంగతి. తిరుమలలో శిలాతోరణం గట్టి రాయి. దానికి చుట్టూ కంచె వేసి, దూరం నుంచే చూడమన్నాం. అంతకన్నా ఎన్నో రెట్లు పెళుసైన ఈ ఇసుకకు ఆపాటి కాపలా కూడా ఎందుకు ఉండకూడదు? 2024లో దిబ్బల పక్కన యంత్రాలతో భూమి చదును చేయడంపై గగ్గోలు రేగాక గానీ పనులు ఆగలేదు. ఎగువ నేలను చదును చేసి రోడ్లేస్తే ఇంకాల్సిన నీరు ఒక్కసారిగా గెడ్డల్లోకి దూకుతుంది. అప్పుడు దిబ్బ మీద ఎవరూ అడుగు పెట్టకపోయినా అది కరిగిపోతుంది. అందుకే రక్షణ హద్దు గెడ్డ మొదలయ్యే చోటికన్నా పైనుంచి గీయాలి.

పర్యాటకం పేరిట కాంక్రీటు మెట్లు కట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోవాలి. మెట్ల అంచున జారే నీరు కొత్త కోతకు మొదలవుతుంది. కావలసింది ఒకటి రెండు గెడ్డల్ని నడకకు ఎంచి మిగతావి మూసేయడం, చీలికల దగ్గర కర్ర గుర్తులు, గట్టు అంచుకు చాలా దూరంగా తాడు కంచె, పదిహేను మందికి ఒకరు చొప్పున దారి చూపడానికి శిక్షణ పొందిన భీమిలి ప్రాంత యువకులు. తాత్కాలిక జాబితా నుంచి అసలు నామినేషన్‌కు వెళ్లాలంటే కనీసం ఏడాది ఆగాలి. ఆ దస్త్రంలో రక్షణ ప్రణాళిక, చుట్టూ వదిలే జాగా ఎలాగూ చూపాల్సిందే. ఈ ఏర్పాట్లు ఇప్పుడే మొదలైతే అప్పటికి కాగితం మీద రాయడానికి నిజంగా ఏదో ఒకటి ఉంటుంది. నైరుతి వానల్లోనూ, అక్టోబరు-నవంబరు తుపాన్లలోనూ గట్టి వాన పడ్డాక గోడలు ఆరేదాకా, కనీసం మూడు రోజులు, దారి మూసేయాలి. మూశామని చెప్పే బోర్డు లోపల దిబ్బల మధ్య కాదు, జనం కార్లు ఆపే బీచ్ రోడ్డు మీదే ఉండాలి.